పలచని గాలి స్కానింగ్ తరంగాన్ని ఎలా ఆపుతుంది?

స్కానింగ్ గది, కొత్తపేట

అందరికీ నమస్కారం. నేను కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో అల్ట్రాసౌండ్ గదిలో పనిచేస్తాను. ప్రోబు, అంటే ఒంటి మీద ఆనించి ధ్వని తరంగాలు పంపే పరికరం, పట్టుకుని స్కాన్ చేసేది డాక్టరుగారే. పేషెంటును పడుకోబెట్టడం, జెల్ రాయడం, డాక్టరుగారు చెబుతూ ఉంటే కొలతలు టైపు చేయడం, చివర్లో తుడుచుకోవడానికి కాగితం ఇవ్వడం నా పని. చదివింది ఇంటర్ బైపీసీ.

జెల్ ఎందుకని అడిగేవాళ్లకు ఒక మాట చెబుతుంటాను: "చర్మానికీ ప్రోబుకూ మధ్య గాలి ఉంటే బొమ్మ రాదండీ." చాలామంది తల ఊపి ఊరుకుంటారు. మొన్న ఒక ఆటో డ్రైవరు మాత్రం ఊరుకోలేదు. "గాలి అడ్డమేమిటమ్మా, ఇప్పుడు నీ మాట నాకు గాలిలోంచేగా వినిపిస్తోంది?" అన్నాడు. డాక్టరుగారు నవ్వి ప్రోబు పెట్టేశారు. నేను మాత్రం రాత్రి అన్నం తినేటప్పుడు కూడా అదే ఆలోచిస్తూ ఉన్నాను.

నా అనుమానం ఇది. పక్కటెముక వెనుక నల్లగా నీడ పడుతుంది, పిత్తాశయంలో రాయి ఉంటే దాని వెనుకా అంతే. అవి గట్టివి కాబట్టి తరంగాన్ని ఆపాయంటే నమ్ముతాను. మూత్రాశయం నిండుగా ఉంటే దాని వెనుక ఉన్నవి చక్కగా కనిపిస్తాయి. నీరు మెత్తనిది, పోనిస్తుంది. అదీ సరే. మరి నీటికంటే ఎన్నో రెట్లు పలచనైన గాలి ఇంకా సులువుగా పోనివ్వాలి కదా? పేగుల్లో కాస్త గ్యాస్ ఉంటే చాలు, "ఏమీ కనిపించడం లేదు, ఇంకాసేపు ఆగి రమ్మను" అంటారు డాక్టరుగారు. ఎముక కంటే గ్యాసే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇది ఎలా సాధ్యం?

ఇంకొక ప్రశ్న కూడా ఉంది. తెర మీద మూలన 3.5 మెగాహెర్ట్జ్ అని కనిపిస్తుంది, అంటే తరంగం సెకనుకు 35 లక్షల సార్లు ఊగుతుందట. కొవ్వులో, కాలేయంలో, ఎముకలో ధ్వని వేగం వేరువేరని విన్నాను. వేగం మారితే ఆ 3.5 కూడా లోపల మారిపోతుందా? సూత్రాలు ఉన్నా పరవాలేదు, కాకపోతే కాస్త నెమ్మదిగా చెప్పండి.

పాత ప్రోబు, రామచంద్రాపురం

అమ్మా, ఆ ఆటో డ్రైవరు దొరికితే నా తరఫున ఒక టీ ఇప్పించు. అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

నేను డాక్టరును కాను. ఇటువైపు ఒక కర్మాగారంలో బాయిలర్ పైపుల వెల్డింగులను అల్ట్రాసౌండ్‌తో పరీక్షిస్తూ రిటైరయ్యాను. నువ్వు పొట్ట మీద జెల్ రాస్తావు, మేము ఉక్కు మీద గ్రీజో, నూనో, గోడకాగితాలు అంటించే జిగురో రాసేవాళ్లం. యంత్రం అదే జాతి, చిక్కులూ అవే. ఒక్క తేడా: నువ్వు తిట్టుకునే గాలే నాకు అన్నం పెట్టింది. ఉక్కులో పగులు అంటే ఏమిటి? లోపల ఇరుక్కున్న సన్నని గాలి పొర. దాన్ని తాకి తరంగం వెనక్కి తిరిగి వస్తేనే నాకు పగులు దొరికేది.

"మెత్తనిది పోనిస్తుంది, గట్టిది ఆపుతుంది" అనే ఆలోచనను ముందు పక్కన పెట్టు. సరిహద్దు దగ్గర తరంగం అడిగే ప్రశ్న అవతలి పదార్థం గట్టిదా, మెత్తనిదా అని కాదు. ఇప్పటిదాకా నేను వచ్చిన పదార్థంలాంటిదేనా, కాదా అని. ఆ పోలికను కొలిచే సంఖ్యను మేము ఇంపిడెన్స్ అంటాం. పదార్థం సాంద్రతను అందులో ధ్వని వేగంతో గుణిస్తే వస్తుంది, అంతే. గాలికి అది సుమారు 412. నీటికి దాదాపు 14 లక్షల 80 వేలు. మెత్తని కండకు 16 లక్షల 30 వేలు. ఎముకకు సుమారు 70 లక్షలు. నా ఉక్కుకు 4 కోట్ల 60 లక్షలు. యూనిట్లు ఇప్పుడు అక్కర్లేదు, నిష్పత్తులే ముఖ్యం. నీరు, కండ పక్కపక్కనే ఉన్నాయి. ఎముక నాలుగింతలు పైన ఉంది. గాలి మాత్రం కండకు దాదాపు నాలుగు వేల రెట్లు కింద పడి ఉంది.

క్యారమ్స్ ఆడావా? ఒక కాయిన్ వెళ్లి దానంతే బరువున్న ఇంకొక కాయిన్‌ను సూటిగా ఢీకొంటే మొదటిది అక్కడే ఆగిపోతుంది, రెండోది మొత్తం వేగం తీసుకుని పోతుంది. శక్తి పూర్తిగా చేతులు మారింది. ఇప్పుడు స్ట్రైకరు 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాములు అనుకో. స్ట్రైకరు కొడితే కాయిన్‌కు అందేది 75 శాతం. మిగతా 25 శాతం స్ట్రైకరు దగ్గరే ఉండిపోతుంది. లెక్క ఇలా వేస్తాం: రెండు బరువుల లబ్ధాన్ని నాలుగుతో గుణించి, వాటి మొత్తాన్ని వర్గం చేసి దానితో భాగించాలి. 15 ఇంటూ 5 అంటే 75, దానికి నాలుగింతలు 300. ఇరవై వర్గం 400. మూడొందలు బై నాలుగొందలు.

ఇది మాటవరసకు తెచ్చిన పోలిక కాదమ్మా. బరువుల స్థానంలో ఇంపిడెన్స్‌లు పెట్టు, సరిహద్దుకు ఎదురుగా వచ్చిన తరంగంలో ఎంత శాతం అవతలికి పోతుందో చెప్పే సూత్రం అచ్చంగా ఇదే. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఇప్పుడు నీ గాలి దగ్గరికి వద్దాం. నాలుగు వేల రెట్లు తేడా అంటే 15 గ్రాముల స్ట్రైకరు ఎదుట 60 కిలోల మనిషి నిలబడ్డట్టు. స్ట్రైకరు వెళ్లి మనిషిని కొడితే మనిషి కదలడు, అది వెనక్కి వస్తుంది. ఇది ఎవరైనా ఒప్పుకుంటారు. తిప్పి చూడు: 60 కిలోల మనిషి జారుతూ వచ్చి స్ట్రైకరును తాకితే? స్ట్రైకరు ఎగిరిపోతుంది, నిజమే. కానీ మనిషి దగ్గరున్న శక్తిలో అది తీసుకుపోయింది ఎంత? వెయ్యిలో ఒక వంతు. సూత్రంలో ఏది ముందు, ఏది వెనుక అన్న తేడా లేదని గమనించు. కండలోంచి గాలిలోకైనా, గాలిలోంచి కండలోకైనా పోయేది 0.1 శాతమే. 99.9 శాతం వెనక్కే. అంటే గాలి గట్టిగా నిలబడి ఆపడం లేదు. శక్తిని అందుకోవడానికి కావాల్సిన బరువే దానికి లేదు. పలచనిది కాబట్టే నీకు అడ్డం.

ఎముక లెక్క కూడా వేసి చూడు. కండకూ ఎముకకూ మధ్య వెనక్కి వచ్చేది దాదాపు 40 శాతం. లోపలికి పోయిన అరవైని ఎముక బాగా పీల్చేస్తుంది, తిరుగు దారిలో మళ్లీ అదే సరిహద్దు దాటాలి, అందుకే దాని వెనుక నల్లని నీడ. అయినా సరిహద్దు ఒక్కదాన్నే తీసుకుంటే గాలితో పోలిస్తే ఎముక చాలా ఉదారమైనదే. ఇక కొవ్వుకూ కాలేయానికీ మధ్య తిరిగి వచ్చేది నూటికి ఒకటి కూడా ఉండదు. డాక్టరుగారికి తెర మీద అవయవాల అంచులు కనిపించేది ఆ ఒకటి కన్నా తక్కువతోనే. మిగతాది ముందుకు పోతుంది కాబట్టే ఇంకా లోతున ఉన్నవి కూడా కనిపిస్తాయి.

ఎంత మందం గాలి ఉంటే ఇదంతా జరుగుతుందని అడుగుతావేమో. వెంట్రుక మందంలో వందో వంతు పొర చాలు. చర్మం చూడడానికి నునుపే, కానీ దాని గీతల్లో, వెంట్రుకల మొదళ్లలో అంతకు ఎన్నో రెట్లు గాలి దాక్కుని ఉంటుంది. జెల్ చేసేది దాన్ని బయటకు నెట్టి ఆ చోట తాను కూర్చోవడమే. జెల్‌లో ఎక్కువ భాగం నీరు, కాబట్టి దాని ఇంపిడెన్స్ కండకు దగ్గరగా ఉంటుంది.

ఆటో డ్రైవరుకు జవాబు ఇది. నీ మాట గాలిలో పుట్టి, గాలిలోనే నడిచి, అతని చెవి దాకా చేరింది. మధ్యలో సరిహద్దు లేదు. లోపలి చెవిలో ద్రవం ఉంది, అక్కడ నిజంగానే ఈ చిక్కు వస్తుంది. దాన్ని దాటించడానికే కర్ణభేరి వెడల్పుగా, లోపలి కిటికీ చిన్నదిగా, మధ్యలో మూడు చిన్న ఎముకలు మీటల్లా ఉన్నాయి. బైపీసీ చదివానన్నావు కదా, ఆ బొమ్మ గీసే ఉంటావు. వాటి పని ఏమిటో ఇప్పుడు చూడు.

ఇంటర్ మాస్టారు, నారాయణగూడ

పెద్దాయన మొదటి ప్రశ్నకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. రెండోది నాకు వదిలేశారు, సంతోషం. ఏటా మా తరగతిలో సగం మంది తప్పు రాసే ప్రశ్న ఇదే.

పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య, మారదు. కారణం కంఠస్థం చేయనక్కర్లేదు. సరిహద్దు దగ్గర ఒకవైపు కొవ్వు అణువులు, మరోవైపు కాలేయపు అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఇవతలివి సెకనుకు 35 లక్షల సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే అవతలివి 30 లక్షల సార్లు ఊగగలవా? ఊగితే కొన్ని క్షణాలకే మధ్యలో ఖాళీ ఏర్పడాలి, లేదా ఒకటి మరొకదానిలోకి చొచ్చుకుపోవాలి. రెండూ జరగవు. అతుక్కున్నవి కలిసే కదలాలి. కాబట్టి అవతలి వైపు కూడా 35 లక్షలే.

వేగాన్ని నిర్ణయించేది పదార్థం, పౌనఃపున్యాన్ని నిర్ణయించేది మీ ప్రోబు. రెంటి మధ్య ఇరుక్కుని మారేది తరంగదైర్ఘ్యం, అంటే ఒక్క ఊపు పూర్తయ్యేలోగా తరంగం ముందుకు సాగే దూరం. కండలో ధ్వని సెకనుకు 1540 మీటర్లు పోతుంది, 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లు. ఎముకలో వేగం సుమారు 3500 అనుకుంటే సరిగ్గా 1 మిల్లీమీటరు. గాలిలో 0.1 కంటే కాస్త తక్కువ.

మీ యంత్రానికి ఇంకొక గుడ్డి నమ్మకం ఉంది. లోపల ఏమున్నా సరే, వేగం 1540 అనే పట్టుకుని లోతు లెక్కిస్తుంది. కొవ్వులో అసలు వేగం 1450 దగ్గర. పొట్టపై 3 సెంటీమీటర్ల కొవ్వు ఉన్నవారిలో దాని వెనుక ఉన్నవన్నీ తెర మీద దాదాపు 2 మిల్లీమీటర్లు లోతుగా పడతాయి. పెద్ద నష్టం లేదు, కానీ తెలిసి ఉండడం మంచిది.

మీరు వెంటనే రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ సంగతేమిటని అడుగుతారు. రక్తకణాలు కదులుతున్నాయి, అంటే తరంగాన్ని వెనక్కి పంపే తలమే పరుగెడుతోంది. అప్పుడు పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది, ఆ మార్పునే రంగుల్లో చూపిస్తారు. నేను పైన చెప్పింది కదలకుండా ఉన్న సరిహద్దుకు. యంత్రం మీద హార్మోనిక్ అనే మీట కూడా ఉంటుంది. అక్కడ రెట్టింపు పౌనఃపున్యం పుట్టేది సరిహద్దు దగ్గర కాదు; బలమైన తరంగం కండలో ప్రయాణిస్తూ తన ఆకారం తానే చెడగొట్టుకోవడం వల్ల.

మరో విషయం. పాఠ్యపుస్తకంలో "సాంద్రతర యానకం, విరళ యానకం" అని చదివి పిల్లలు దాన్ని ధ్వనికి కూడా అతికిస్తారు. కాంతి నీటిలోకి వెళితే నెమ్మదిస్తుంది, లంబం వైపు వంగుతుంది. ధ్వని గాలిలోంచి నీటిలోకి వెళితే నాలుగు రెట్లకు పైగా వేగం పెరుగుతుంది, లంబానికి దూరంగా వంగుతుంది. ఎంత దూరంగా అంటే, గాలిలోంచి 13 డిగ్రీలు దాటి వాలుగా వచ్చిన ధ్వని నీటిలోకి అసలు దిగదు, మొత్తం పైకే పరావర్తనం చెందుతుంది. వంపు తెలియాలంటే వేగాలు చూడాలి. ఎంత తిరిగి వస్తుందో తెలియాలంటే ఇంపిడెన్స్ చూడాలి. ఉత్త సాంద్రత ఒక్కటే ఏ ప్రశ్నకూ జవాబు చెప్పదు.

స్కానింగ్ గది, కొత్తపేట

అంకుల్, మాస్టారుగారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. క్యారమ్స్ లెక్క కాగితం మీద వేసుకున్నాను, కొవ్వు, కాలేయం సంఖ్యలు పెడితే నిజంగానే ఒకటి లోపే వచ్చింది.

దాంతో ఇంకో అనుమానం పుట్టింది. ప్రోబు లోపల ఉండేది గట్టి పింగాణీలాంటి స్ఫటికం అంటారు. మరి స్ఫటికానికీ కండకూ కూడా పెద్ద తేడా ఉండాలి కదా? జెల్ రాసినా అక్కడే సగం పోవాలి.

ఊపిరితిత్తుల మీద ప్రోబు పెట్టినప్పుడు సమాన దూరాల్లో అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. డాక్టరుగారు వాటిని 'A' లైన్లు (ఇంగ్లీషు అక్షరం) అంటారు. లోపల అలాంటి పొరలేవీ ఉండవట. మరి అవి ఎక్కడివి?

పాత ప్రోబు, రామచంద్రాపురం

సగం కాదు, ఎనభై శాతం పోవాలి. స్ఫటికం ఇంపిడెన్స్ సుమారు 3 కోట్లు. నీ కండ 16 లక్షలు. లెక్క వేస్తే నూటికి ఇరవయ్యే బయటకు వస్తుంది. అందుకే ప్రోబు ముఖాన ఒక పలచని పొర అతికిస్తారు. దాని ఇంపిడెన్స్ రెంటికీ మధ్యన ఉండాలి. సగటు కాదు, లబ్ధానికి వర్గమూలం. 3 కోట్లనూ 16 లక్షల 30 వేలనూ గుణించి వర్గమూలం తీస్తే సుమారు 70 లక్షలు. మందం ఆ పొరలో తరంగదైర్ఘ్యానికి పావు వంతు.

ఈ పావు వంతులో ఉంది గమ్మత్తంతా. పొర ముందు అంచు నుంచి కొంత వెనక్కి వస్తుంది, వెనుక అంచు నుంచి కొంత వస్తుంది. రెండోది పొరలో వెళ్లి రావడానికి పావు, పావు కలిపి అర తరంగదైర్ఘ్యం ఎక్కువ నడిచింది. అంటే ఒకటి ఉబ్బినచోట రెండోది కుంగి ఉంటుంది. రెండూ కొట్టుకుపోతాయి. వెనక్కి ఏమీ రాకపోతే శక్తి ఎటు పోవాలి? ముందుకే. ఆ ఒక్క పౌనఃపున్యం దగ్గర నూటికి నూరు పాళ్లూ దాటుతుంది. క్యారమ్స్ పోలిక ఇక్కడితో సరి. రెండు బరువుల మధ్య మూడో కాయిన్ పెడితే ఇరవై శాతం ముప్ఫై ఏడు అవుతుందేమో కానీ నూరు కాదు. కాయిన్లు ఒకదాన్నొకటి కొట్టివేసుకోలేవు, తరంగాలు కొట్టివేసుకుంటాయి.

నువ్వు మెరుపు తగ్గించే పూత ఉన్న కళ్లద్దాలు పెట్టుకుంటే ఇలాంటి పొరను రోజూ మోస్తూనే ఉన్నావు. అద్దం ఒక్కో తలం నుంచి కాంతి 4 శాతం వెనక్కి వస్తుంది. దాని మీద మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర సుమారు 100 నానోమీటర్ల మందాన పూస్తే అది ఒకటిన్నర లోపుకు తగ్గుతుంది. ఆ మందం పచ్చ రంగు కాంతికి పావు వంతు. ఎరుపు, నీలం కొద్దిగా మిగులుతాయి. కెమెరా కటకాన్ని వాలుగా పట్టుకుంటే వంకాయ రంగు ఛాయ కనిపించేది అందుకే. కోఠీలో కళ్లద్దాల దుకాణం అబ్బాయి ఆ రంగు చూపించి "ఇది స్పెషల్ సార్" అని ధర పెంచాడు నాకు. ఆ ఛాయ పోగొట్టలేకపోయిన మిగులురా నాయనా అని మనసులో అనుకుని డబ్బు కట్టాను.

ఇక నీ అడ్డగీతలు. ఊపిరితిత్తి అంటే గాలి. దాని పైపొర దగ్గరే తరంగం మొత్తం వెనక్కి వస్తుంది. ప్రోబు ముఖాన్ని తాకి కొంత మళ్లీ లోపలికి పోతుంది, మళ్లీ పైపొరను తాకి వస్తుంది. ప్రతి చక్కరుకూ ఒక గీత. యంత్రం పాపం ఆలస్యంగా వచ్చినదంతా లోతు నుంచి వచ్చిందనే అనుకుంటుంది. చర్మం నుంచి ఆ పైపొర దాకా ఎంత దూరమో గీతల మధ్య కూడా అంతే దూరం ఉంటుంది, ఈసారి స్కేలు పెట్టి చూడు. పేగు గ్యాస్ వెనుక నీడ రాయి నీడలా శుభ్రంగా నల్లగా ఉండక మసకగా బూడిద రంగులో ఉండేది కూడా ఈ రాకపోకల వల్లే.

మా పనిలో ఇంకో వింత ఉండేది. ఉక్కులో ధ్వని రెండు రకాలుగా నడుస్తుంది: ముందుకూ వెనక్కూ నొక్కుతూ పోయే అనుదైర్ఘ్య తరంగం సెకనుకు 5900 మీటర్లు, అడ్డంగా కదిలిస్తూ పోయే తిర్యక్ తరంగం సుమారు 3230. మా ప్రోబు కింద పర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్ ముక్క వాలుగా కోసి ఉంటుంది, అందులో వేగం 2730. అందులోంచి అనుదైర్ఘ్య తరంగం ఒక్కటే వాలుగా వచ్చి ఉక్కును తాకుతుంది. లోపలికి మాత్రం రెండు రకాలూ చీలి బయలుదేరతాయి, చెరో కోణంలో. రెండు ప్రతిధ్వనులు వస్తే ఏ పగులు ఎక్కడుందో ఎవరు చెప్పాలి? అందుకని వాలును 27న్నర డిగ్రీలు దాటిస్తాం. అక్కడితో అనుదైర్ఘ్య తరంగం సందిగ్ధ కోణం (దాన్ని మించి వాలితే తరంగం అవతలికి దిగని కోణం) దాటి ఉక్కు లోతుల్లోకి దిగడం మానేస్తుంది, తిర్యక్ తరంగం ఒక్కటే మిగులుతుంది. 60 డిగ్రీల ప్రోబు అని రాసి ఉన్నదాన్ని కోసి చూస్తే లోపల వాలు 47 డిగ్రీలే ఉంటుంది. 60 అన్నది ఉక్కులో వంగాక వచ్చే కోణం. కొత్తగా చేరినవాళ్లకు ఈ 47, 60 ఎందుకో అర్థమైతే చాలు, మిగతా పని చేతులు నేర్చుకుంటాయి అనేవాణ్ణి.

మొరం కింద రాయి, ఉప్పల్

తిర్యక్ తరంగం మాట వచ్చింది కాబట్టి నేనూ కలుగజేసుకుంటాను. భవనాల పునాదులకు, బోర్లకు ముందు భూమి లోపల రాయి ఎంత లోతున ఉందో చూసే సర్వే పని నాది. మా ఇంటికి దగ్గర్లోనే, హబ్సిగూడ నుంచి వచ్చే దారిలో, 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. వాళ్లు చూసే లోతులు కిలోమీటర్లలో, మేము చూసేది పది, ఇరవై మీటర్లు. సూత్రం ఒకటే.

మా స్కానింగ్ ప్రోబు ఒక సమ్మెట. నేల మీద ఇనుప పలక పెట్టి దాని మీద కొడతాం. వరుసగా పాతిన జియోఫోన్లు కంపనాన్ని పట్టుకుంటాయి. హైదరాబాద్‌లో పైన ఎండిన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు. మట్టిలో తరంగం సెకనుకు 500 మీటర్లు పోతే తాజా గ్రానైటులో 5000 దాటుతుంది. తరంగం మట్టిలోంచి రాయిని తాకినప్పుడు సందిగ్ధ కోణం 6 డిగ్రీల లోపే. సరిగ్గా ఆ కోణంలో తాకిన భాగం రాయి పైతలం వెంటే 5000 వేగంతో పరుగెడుతూ, దారి పొడవునా పైకి కొంచెం కొంచెం వదులుతూ పోతుంది. మొరం లేదనుకుని, 10 మీటర్ల లోతున రాయి ఉందనుకుంటే, సమ్మెట నుంచి సుమారు 22 మీటర్ల దాకా నేల వెంట నేరుగా వచ్చిన తరంగమే ముందు చేరుతుంది. ఆ తర్వాత రాయి వెంట దిగి వచ్చినదే ముందు. ఈ మార్పు ఏ జియోఫోను దగ్గర జరిగిందో చూస్తే రాయి లోతు లెక్క కట్టవచ్చు. ఒక్క గజం కూడా తవ్వనక్కర్లేదు.

1909 అక్టోబరు 8న క్రొయేషియాలో జాగ్రెబ్ దగ్గర వచ్చిన భూకంపాన్ని ఆంద్రియ మొహొరోవిచిచ్ చదివింది ఇలాగే. దూరపు కేంద్రాల్లో అనుదైర్ఘ్య తరంగాలు రెండు విడతలుగా వచ్చినట్టు ఆయన గమనించాడు. ఒక విడత లోతుగా, వేగంగా పోయే పొర మీదుగా వచ్చిందని తేల్చాడు. భూపటలం అడుగున, ఖండాల కింద సుమారు 35, 40 కిలోమీటర్ల లోతున ఉన్న ఆ సరిహద్దుకు ఆయన పేరే మిగిలింది. అంతకు ముందు 1897 అస్సాం భూకంపం రికార్డుల్లో రెండు రకాల తరంగాలను విడదీసి చూపిన ఓల్డ్‌హామ్ మన భూవైజ్ఞానిక సర్వేలో పనిచేసినవాడే. 1906లో భూమికి లోపల వేరే కేంద్రభాగం ఉందన్నది కూడా ఆయనే. తిర్యక్ తరంగాలు ద్రవంలో నడవవు. బయటి కేంద్రభాగం ద్రవమని తేలడానికి అవి దాన్ని దాటి రాకపోవడమే పెద్ద సాక్ష్యం.

పెద్దాయన లెక్కను గ్రానైటుకు వేస్తే గాలిలోంచి రాయిలోకి పోయేది పదివేలలో ఒక వంతు. గోల్కొండలో ఫతే దర్వాజా కమాను కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని గైడ్లు ఊదరగొడతారు కదా. కమాను ఆకారం ధ్వనిని ఒక వైపుకు మళ్లిస్తుంది, నిజమే. కానీ ఆ రాయి ధ్వనిని దాదాపు ఏమీ మింగకుండా తిప్పి పంపడం వల్లే ఆ ఆకారానికి పని దొరికింది.

బరాత్ బాధితుడు, మియాపూర్

అందరూ పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నాదొక చిన్న గోడు. మా అపార్ట్‌మెంట్ పక్కన ఫంక్షన్ హాలు ఉంది. గోడ ఇటుక గోడే, తొమ్మిది అంగుళాలు. గాలిలోంచి గోడలోకి ధ్వని దాదాపు పోదంటున్నారు. మరి ఆ దుబ్ దుబ్ నా మంచం దాకా ఎలా వస్తోంది? పాట మాటలు వినిపించవు, దరువు మాత్రం వినిపిస్తుంది.

పాత ప్రోబు, రామచంద్రాపురం

బాబూ, మేము చెప్పిన లెక్క మందమైన పదార్థానికి. నీ గోడ తొమ్మిది అంగుళాలు, ఆ దరువు 60 హెర్ట్జ్ అనుకుంటే దాని తరంగదైర్ఘ్యం దాదాపు 5.7 మీటర్లు. అంత పొడుగు తరంగానికి గోడ అంటే ఒక పలక. గోడ మొత్తం ఒక్కటిగా కాస్త వణుకుతుంది, నీ గదిలో గాలిని తోస్తుంది. అప్పుడు ఎంత ఆగుతుందో తేల్చేది గోడ బరువు, తరంగం దాన్ని ఎంత వేగంగా ఊపాలన్నది. బరువు రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, పౌనఃపున్యం రెట్టింపైనా అంతే. పాటలో మాటలు తెలియాలంటే 3000 హెర్ట్జ్ వంటివి కావాలి. అవి 60 కంటే యాభై రెట్లు ఎక్కువ, కాబట్టి గోడ వాటిని 34 డెసిబెల్స్ అదనంగా కోసేస్తుంది. నీకు మిగిలేది దరువే. మందపాటి పరదాలు కొనమని ఎవరైనా సలహా ఇస్తే వినకు, దరువుకు అవి ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. కిటికీ చుట్టూ సందులు మూయి, కనీసం సన్నాయి తగ్గుతుంది.

స్కానింగ్ గది, కొత్తపేట

అంకుల్, స్కేలు పెట్టి చూశాను. గీతల మధ్య దూరం సమానంగానే ఉంది. డాక్టరుగారు "ఎవరు చెప్పారు నీకు?" అని అడిగారు, ఇక్కడి సంగతి చెప్పాను.

చివరిగా ఒక పని ప్రశ్న. ఒక్కోసారి జెల్ అయిపోయి కొత్త డబ్బా రావడం ఆలస్యమవుతుంది. అప్పుడు కొబ్బరినూనె వాడవచ్చా? మీరు నూనె వాడేవాళ్లమన్నారు కదా.

పాత ప్రోబు, రామచంద్రాపురం

తరంగానికి నూనె అభ్యంతరం కాదమ్మా, గాలిని బయటకు నెడితే చాలు. అభ్యంతరం నీ ప్రోబుకు. మా ప్రోబుల ముఖం ఉక్కు మీద రుద్దడానికి తయారైనది. మీ దాని ముఖాన మెత్తని రబ్బరు పొర ఉంటుంది, నూనెలు దాన్ని ఉబ్బించి చెడగొట్టవచ్చు. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఏవి పనికొస్తాయో రాసి ఉంటుంది, అది చూడకుండా కొబ్బరినూనె జోలికి పోకు. నీళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి కానీ నిలవవు, పక్కలకు జారిపోతాయి. నీటిని చిక్కబరిస్తే నీ జెల్ అయింది.

డబ్బా నుంచి చిన్న సీసాల్లోకి పోసేటప్పుడు బుడగలు రాకుండా చూడు. జెల్‌లో బుడగ అంటే మళ్లీ గాలే, చిక్కగా ఉంటుంది కాబట్టి అది పైకి తేలి పోదు కూడా. సీసాను ఊపకు. మూతి కిందికి ఉండేలా తలకిందులుగా నిలబెట్టి ఉంచితే గాలి ఇప్పుడు పైకి వచ్చిన సీసా అడుగు వైపు చేరుతుంది, పిండినప్పుడు ముందు జెల్ వస్తుంది. సీసా ఖాళీ కావస్తున్నప్పుడు బుర్రుమని చప్పుడు చేస్తూ వచ్చేది రాయకు, దాన్ని పారేసి కొత్త సీసా తీయి.